పుత్తూరు కట్టు బండి

రేణిగుంట స్టేషను ముందు నిలబడే బండ్లలో దిల్షాద్ బీ తెల్ల ఓమ్ని వ్యానుకు ఒక పేరుండేది. పుత్తూరు కట్టు బండి అనేవాళ్లు. ఆ స్టేషన్లో రైలు దిగేవాళ్లు చాలామంది తిరుపతి కొండకు పోయేవాళ్లే. అయితే విరిగిన చేతిని తువ్వాలుతో మెడకు వేలాడదీసుకుని, లేదంటే ఇద్దరి భుజాల మీద చేతులు వేసి ఒంటికాలి మీద గెంతుతూ దిగేవాళ్లూ ఉంటారు. వాళ్ల దారి పుత్తూరు దారి. అక్కడ కోడిగుడ్డు సొన, ఆకుపసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి ఎముకకు కట్టు కడతారు. అట్లాంటివాళ్లను పడుకోబెట్టి తీసుకుపోవడానికని దిల్షాద్ బీ భర్త షఫీవుల్లా వ్యాను వెనక సీట్లు తీసేసి పరుపు పరిచాడు.

ఆయన పోయాక బండి అమ్మేయమని చుట్టాలంతా చెప్పారు. ఆమె అమ్మలేదు. రైల్వే క్వార్టర్స్ వెనక మైదానంలో, గొర్రెలు మేపుకునేవాళ్లు పగలబడి నవ్వుతుంటే, స్టీరింగు పట్టుకోవడం నేర్చుకుంది. పెళ్లయినప్పటి నుంచి గడప దాటాలంటే ఎవరో ఒకరి తోడు కావలసిన మనిషి, ఇప్పుడు తానే పదిమందికి తోడుగా పోతోంది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ, తాళంచెవి తిప్పినప్పుడల్లా ఆమె వీపు దానంతటదే నిటారుగా అయ్యేది.

అట్లాంటి బండి నడుము కుంగింది. వెనక కుడివైపు ఒరిగిపోయి, నీళ్లబిందె చంకనెత్తుకున్న మనిషిలా నడవసాగింది. ముందు కూర్చున్న ఆమెకు అదేమీ పెద్దగా తెలియలేదు. తెలియజెప్పింది దేవకమ్మ.

దేవకమ్మది పక్క వీధి. కుళాయి దగ్గర పాచిలో జారిపడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంది. మొదటిసారి కట్టు కట్టించుకున్నప్పుడు నొప్పి మైకంలో ఉండి ఏ మాటా అనలేదు. రెండోసారి కట్టు మార్పించి తీసుకొస్తే, వ్యాను ఇంటిముందు ఆగీ ఆగకముందే అందుకుంది.

“ఇంగ ఈ బండెక్కితే నా పేరు దేవకమ్మే కాదు! కాలిరిగినప్పుడు గూడా ఇంత నొప్పి లేదు గదమ్మే. రోట్లో ఏసి దంచినట్టు దంచినావు!”

“మెల్లిగా,” అన్నాడు ఆమె భర్త మునస్వామి, భార్యను భుజం పట్టి దించుతూ. “వీధంతా ఇంటా ఉండారు.”

“ఇననీ! డబ్బులిచ్చి దెబ్బలు తిన్యానని అందరికీ తెలియనీ.”

“మళ్లా గురువారం కట్టు మార్చాల పెద్దమ్మా,” అంది దిల్షాద్ బీ, ఆమె రెండోవైపు పట్టుకుంటూ.

“వంకరగా అతుక్కుంటే అతుక్కోనీ. కుంటుకుంటా బతుకుతా. నీ బండి మాత్రం ఎక్కను.”

ఆటోలో కాలు చాపే చోటుండదు. స్టేషను దగ్గర వేరే కార్లున్నా పరుపున్న బండి ఇదొక్కటే. దేవకమ్మ కోపం దిల్షాద్ బీని బాధించలేదు. వంకర కాలన్న మాట బాధించింది.

ఆ సాయంత్రం కూతురు బుష్రా ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి దేవకమ్మ తిట్ల సంగతి వీధి మొదట్లోనే ఆమె చెవిన పడింది. బుష్రా రేణిగుంటలోనే ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఇంట్లో తల్లీకూతుళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. కోపం వస్తే మాత్రం ఇద్దరూ తెలుగులోకి దిగిపోతారు. ఆ రోజు బుష్రా చెప్పులు విడుస్తూనే తెలుగులో మొదలుపెట్టింది.

“ఇంగ చాలు అమ్మీ. తిరుమలయ్య మామ బండి తనకు అమ్మమని ఎన్నాళ్లనుంచి అడగతా ఉండాడు? మామిడికాయల లోడుకు తోలుకుంటాడంట. ఇచ్చెయ్. నా జీతం మనిద్దరికీ సాలదా?”

“జీతం సంగతి కాదు.”

“మరేంది? మనుషుల్ని ఏడిపించేదానికా బండి?”

దిల్షాద్ బీ చేతిలోని పళ్లెం కిందపెట్టింది. కూతురి మాటలో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ గుచ్చింది.

“సరే. గురువారం దేవకమ్మ పెద్దమ్మ పుత్తూరు దాకా నొప్పని అరవకుండా వస్తే బండి నాది. అరిచిందంటే తాళంచెవి నేనే తీసకపోయి తిరుమలయ్య చేతిలో పెడతా.”

“అల్లా మీద ఒట్టు?”

“ఒట్టెందుకు? నేను చెప్తా ఉండా కదా.”

మరునాడు మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతే, అతను వంగి చూసి, లేచి చేతులు తుడుచుకుని, వెనక సెట్టు మొత్తం మార్చాలన్నాడు. ఆ డబ్బుకు ఇంకో పాత వ్యానే వస్తుందని కూడా తనే చెప్పాడు. ఆమె బండి తిప్పుకుని వచ్చేసింది. వీధి మొదట్లో అరుగు మీద కుప్పయ్య ఉన్నాడు. ఆయన బతుకంతా లారీ తోలినవాడు. ఒరిగిన బండిని చూస్తే ఊరుకునే మనిషి కాదు.

“ఆపమ్మే!” అని లేచి వచ్చాడు. వెనక బంపరు మీద కాలు పెట్టి రెండుసార్లు తొక్కాడు. బండి కిర్రుమంది. “కమాన్ పట్టీలు సచ్చినాయి. దీనికి మెకానిక్కెందుకు? ఇంకో పట్టీ ఎక్కిస్తే సరిపాయ.”

ఇరుసు మీద బండి బరువును మోసే ఇనుప పట్టీల కట్టను మా వైపు కమాన్ కట్ట అంటారు. విల్లులా వంగిన పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. మామిడి సీజను వచ్చిందంటే చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే ప్రతి బండివాడూ దానికి ఒక పట్టీ ఎక్కువ బిగించుకుంటాడు. బండి కుంగిందా, పట్టీ ఎక్కించు. ఇక్కడ అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. పాత సామాన్ల అంగడి నుంచి కుప్పయ్య రెండు పట్టీలు తెచ్చాడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. జాకీతో వెనక భాగం లేపి, జాకీని నమ్మకుండా కింద మొద్దులు పెట్టారు. దిల్షాద్ బీ చున్నీ నడుముకు బిగించి, గోనెపట్టా పరిచి, బండి కిందికి దూరింది. ముందురోజే కిరసనాయిలు పోసి నానబెట్టినా బోల్టులు కదలనని మొండికేశాయి. బుష్రా మొదట గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత దీపం పట్టుకుంది. ఆ తర్వాత, “అట్లా కాదమ్మీ, ఈ పక్కకు తిప్పు,” అంటూ పానా లాక్కుంది.

మధ్యాహ్నానికి బండి కిందికి దించితే, వెనక భాగం పుంజు తోకలా ఎగిసి నిలబడింది.

“సూస్తివా!” అన్నాడు కుప్పయ్య. “ఇప్పుడు రోడ్డు రోలర్ ఎక్కించు, ఒంగితే నన్నడుగు.”

దిల్షాద్ బీ వీధిలో ఒక చుట్టు తిప్పింది. ఒరుగుడు లేదు. కిర్రు లేదు. ఆమె మొహంలో వెలుగు వచ్చింది. బండి దిగి కూతురి వైపు చూసింది.

బుష్రా తాళంచెవి కోసం చెయ్యి చాపింది. “నువ్వు ముందర కూచుంటే ఏం తెలస్తాది? పో, ఎనక పండుకో. నేను తోలతా.”

అన్నేళ్లుగా ఆ బండితో ఉన్నా దిల్షాద్ బీ ఆ పరుపు మీద ఎప్పుడూ పడుకోలేదు. దులిపింది, ఎండలో వేసింది, దుప్పటి మార్చింది. అంతే. పడుకుని పైకప్పు చూస్తుంటే అది వేరే ఎవరి బండో అనిపించింది. పుత్తూరు రోడ్డెక్కాక మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కింద నుంచి ఎవరో కాళ్లతో తన్నినట్టు ఆమె గాల్లోకి లేచి పడింది. దంతాలు టకటకలాడాయి. రెండోదానికి తల కిటికీకి తగిలింది. ఏ ఎముకా విరగని మనిషికి ఇట్లా ఉంటే!

మోసేవాడికి తెలుసు కావడి బరువంటారు. పడుకున్నవాడికి తెలిసే బరువు వేరే ఒకటుంటుందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

“ఆపు! ఆపు!”

బుష్రా బండి పక్కకు తీసి వెనక్కి తిరిగింది. అమ్మ మీద గెలిచానన్న సంతోషం ఆ మొహంలో లేదు. “అమ్మీ, దెబ్బ తగిలిందా?”

“లేదు. మళ్లా పోనీ. ఈసారి మెల్లిగా. నేను వినాల.”

ఆమె పక్కకు తిరిగి చెవి బండి అడుగురేకుకు ఆనించింది. గతుకు వచ్చినప్పుడు పట్టీలు విసిరికొట్టడం ఒక దెబ్బ. దాని వెంటనే కుడివైపు నుంచి ఇనుము ఇనుమును కొట్టినట్టు టక్కుమని ఇంకొకటి. పట్టీ ఎక్కించినా ఆ రెండోది పోలేదు. బండి ఎత్తు పెరిగింది గానీ జబ్బు జబ్బులాగే ఉంది.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే కుప్పయ్యకు కోపం వచ్చింది.

“నా సర్వీసంతా పట్టీలెక్కించినా. ఏ లోడూ నన్ను ఒక మాటనలేదు.”

“మామిడికాయకు నొప్పి తెలీదు మామా. తెలిసినా చెప్పదు.”

“అంటే నాకు తెలీదంటావా?”

“అన్ల్యా. ఒకసారి పండుకో మామా, నేనే తోలతా.”

వీధి జనం చూస్తుండగా కుప్పయ్య మీసం దువ్వుకుని, పెళ్లికొడుకులా పరుపెక్కాడు. వ్యాను స్టేషను దాకా పోయి వచ్చింది. దిగినప్పుడు ఆయన ఒక చెయ్యి నడుము మీద ఉంది, రెండో చెయ్యి తలుపును వదలలేదు. కాసేపు ఊపిరి పీల్చుకుని, “తీసేద్దాం పట్టీ,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయనే ముందు నవ్వాడు. “థూ, ఇన్నేండ్లూ మామిడికాయలకు ఎంత పాపం చేసినానో!”

మర్నాడు ఎక్కువ పట్టీలు రెండువైపులా తీసేసి, కుడివైపు కట్ట మొత్తం ఊడదీసి చూశారు. పట్టీ చివర చుట్టలా వంగిన కన్ను ఉంటుంది. ఆ కంట్లో రబ్బరు బుష్షు, దాని మధ్యలోంచి బోల్టు. బుష్షు ఉండవలసిన చోట నల్లటి పొడి మిగిలింది. ఇనుప బోల్టు ఇనుప కన్నునే కొడుతూ వచ్చిందన్నమాట. పట్టీల మధ్య తుప్పు పేరుకుని, అవి ఒకదాని మీద ఒకటి జారకుండా బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక పట్టీ సగానికి చిట్లింది కూడా. అందుకే కుడివైపు ఒరుగుడు.

తిరుపతి బస్టాండు వెనక స్పేర్ పార్టుల అంగడి నడిపే గ్రేసీ, అరిగిపోయిన బుష్షు ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి నవ్వింది.

“దీన్ని పెట్టుకోని ఇన్నాళ్లు తిప్పినావా అక్కా? సెట్టు మొత్తం ఏం అక్కర్లేదు. బుష్షులు తీసకపో. చిట్లిన పట్టీకి బదులు మీరు తెచ్చిన పాతదాంట్లోనే కొలత సరిపోయేది ఎయ్యండి. ఎక్కువ మాత్రం ఎయ్యొద్దు.”

“ఎట్లా ఎక్కించాల దీన్ని?”

“పొడుగు బోల్టు, రెండు వాషర్లు, ఒక పైపు ముక్క. నట్టు తిప్పతా పోతే అదే లోపలికి పోతాది. సబ్బునీళ్లు రాయి. గ్రీజు రాసినావంటే రబ్బరు ఉబ్బి చెడిపోతాది. ఇంకోటి.” గ్రేసీ వేలెత్తింది. “బండి గాల్లో ఉన్నప్పుడు ఆ బోల్టులు గట్టిగా బిగించొద్దు. కిందికి దించి, రోజూ ఎంత బరువు మోస్తాదో అంత బరువు ఎక్కించి, అప్పుడు బిగించు. లేదంటే రబ్బరు మెలిపడి కూచుంటాది, తొందరగా చీలిపోతాది.”

ఎడమవైపు బుష్షులు ఇంకా కొన్నాళ్లు ఆగుతాయనిపించింది. దిల్షాద్ బీ కుడివైపుకే తీసుకుంది.

బుధవారం బుష్రా షిఫ్టు మార్చుకుంది. పట్టీలను ఇనుప బ్రష్షుతో రుద్ది తుప్పు వదిలించారు. పగిలిన నీలం నీళ్ల డ్రమ్ము నుంచి కుప్పయ్య కత్తిరించిచ్చిన ప్లాస్టిక్ ముక్కలను పట్టీల చివర్ల మధ్య పెట్టారు, అవి మెత్తగా జారడానికి. సబ్బునీళ్లు రాసిన బుష్షు మొదటిసారి వంకరగా పోయింది. తీసి మళ్లీ పెట్టారు. రెండోసారి పైపు ముక్క జారి బుష్రా వేలు నలిగింది. మూడోసారి నట్టు తిరిగినకొద్దీ రబ్బరు నెమ్మదిగా, బాలింత తలకు చుట్టిన గుడ్డంత పొందికగా కంట్లో సర్దుకుంది.

ఇక బరువు పెట్టి బిగించడం మిగిలింది.

“దేవకమ్మంత బరువు కావాల,” అన్నాడు కుప్పయ్య.

“మా ఆడమనిషి బరువు నాకు తెలీదా?” పక్కనే నిలబడి చూస్తున్న మునస్వామి అన్నాడు. “నేనూ నువ్వూ కలిసి పండుకోవాల. అప్పుడు సరిగ్గా తూగుతాది.”

“ఎవురు బరువని అంటా ఉండావు?” పక్క వీధి నుంచి దేవకమ్మ గొంతు వచ్చింది. ఆమె కాలు విరిగింది గానీ చెవులు బాగానే ఉన్నాయి.

ఇద్దరు ముసలివాళ్లూ పరుపెక్కారు. డ్రైవరు సీట్లో బుష్రా కూర్చుంది. చక్రాలు నేల మీద, బండి కుదురుగా. దిల్షాద్ బీ పక్కనుంచి వంగి చెయ్యి లోపలికి చాపి పానా వేసింది.

“మోచెయ్యి తీ కుప్పయ్యా, పక్కలో పొడస్తా ఉండాది.”

“నీ కాలు ముందు తియ్యి. కొండమీద తులాభారంలో కూచున్నట్టు కూచోమంటే, తొట్లో బిడ్డ మాదిరి కదలతా ఉండావు.”

“కదలొద్దండి మామా!” అని కిందనుంచి కేకేసింది దిల్షాద్ బీ. పై ఇద్దరూ ఊపిరి కూడా బిగబట్టారు. పానా ఇక తిరగనన్నదాకా ఆమె బిగించింది. మళ్లీ ఒకసారి, ఒంటి బరువంతా వేసి.

గురువారం పొద్దున దేవకమ్మ గుమ్మంలో కుర్చీ మీద కూర్చుని, కట్టుకాలు స్టూలు మీద చాపుకుని, వ్యాను వైపు కాక ఆకాశం వైపు చూస్తోంది.

“నేను పండుకున్యా గదా,” అన్నాడు మునస్వామి. “పువ్వు మాదిరి ఉండాది.”

“నువ్వు బురదలో ఏసినా నిద్రపోతావు. నీ మాటెవరికి కావాల?”

దిల్షాద్ బీ ఆమె ముందు కింద కూర్చుంది. “పెద్దమ్మా, నీకు నొచ్చిన సంగతి నాకు ఇన్నాళ్లు తెలీలేదు. ఆదివారం నేను పండుకున్యా. తల కిటికీకి కొట్టుకున్యాది. అప్పుడు తెలిసింది.”

దేవకమ్మ మొదటిసారి ఆమె వైపు తిరిగింది. “నువ్వు పండుకున్యావా?”

“పండుకున్యా. నన్ను నేనే తిట్టుకున్యా.”

“ఏమని?”

“నువ్వు తిట్టినట్టే. నీ అంత బాగా రాలేదు.”

దేవకమ్మ పెదవి ఒకవైపు కదిలింది. గోడకానించిన కర్ర అందుకుంది. “నొస్తే దీంతో నీ ఈపు మీద ఒకటిస్తా. సమ్మతమేనా?”

“సమ్మతం.”

పరుపు మీద ఆమెను పడుకోబెట్టి, కాలి కింద దిండు సర్ది, పక్కన బుష్రా కూర్చుంది. మునస్వామి కోడిగుడ్ల సంచి ఒళ్లో పెట్టుకుని ముందు ఎక్కాడు. దిల్షాద్ బీ తాళంచెవి తిప్పింది. వీపు నిటారుగా అయింది.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆమె బండిని దాదాపు ఆపేసి ఎక్కించింది. వెనకనుంచి ఏ శబ్దమూ లేదు. రెండోది. దేవకమ్మ బుష్రాతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పూర్వం ఎప్పుడో తన ఆడబిడ్డ పెళ్లిలో పనసపండు గురించి జరిగిన తగువు. ఎవరు కోయాలి, మొదటి తొన ఎవరికి పెట్టాలి అని. మూడోది వచ్చింది. బండి ముందు లేచింది, వెనక లేచింది, దిగింది. పనసపండు కథ సాగుతూనే ఉంది. మాట ఎక్కడా తెగలేదు. దిల్షాద్ బీ చెవులు రోడ్డు మీద లేవు, ఆ కథ మీద ఉన్నాయి. ఆ తొనలు ఎవరికి దక్కాయో ఆమెకు అక్కర్లేదు. ఆ గొంతు నడుస్తూ ఉంటే చాలు.

వడమాలపేట దాటాక, గతుకేమీ లేని చోట, “అమ్మా!” అని పెద్ద కేక వినబడింది.

దిల్షాద్ బీ బండి పక్కకు తీసి ఆపింది. ఇంజను కూడా ఆపేసింది. చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. వెనక్కి తిరిగే ధైర్యం రాలేదు.

“యాలమ్మే ఆపినావు?” దేవకమ్మే అడిగింది.

“అరిచినావు గదా పెద్దమ్మా.”

“అరవనా మరి? ఈపు కింద ఇనుపదేదో గుచ్చుకున్యాది!”

బుష్రా చెయ్యి దూర్చి పరుపు మడతలోంచి ఒక పానా లాగింది. నిన్న తూగుదామని పడుకున్న కుప్పయ్య జేబులోంచి జారింది. బుష్రా దాన్ని చూసి, తల్లిని చూసి, మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదిలిపోతున్నాయి.

“ఆ కుప్పయ్యకే తగలాల ఈ కర్ర,” అంది దేవకమ్మ. “పోనీ, పోనీ. కట్టు కాడ జనం పెరిగిపోతారు. ఆఁ, యాడున్యాము? మా వదిన కత్తిపీట తెచ్చింది...”

“కాలు నొచ్చిందా పెద్దమ్మా?” దిల్షాద్ బీ అప్పుడు వెనక్కి తిరిగింది.

“కాలా?” దేవకమ్మ ఒక్క క్షణం ఆగింది, కాలి సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు. “విరిగిన కాలు నొయ్యకుండా ఉంటాదా? దాని నొప్పి దానిది. నీ బండి నొప్పి మాత్రం లేదు.”

పుత్తూరులో కట్టు విప్పి చూసినాయన ఎముక నిలువుగానే అతుక్కుంటోందన్నాడు. కొత్త కట్టు కట్టించుకుని వచ్చేసరికి చెట్టునీడలో ఆపిన వ్యాను దగ్గర చెయ్యి విరిగిన పిల్లవాడి తండ్రి నిలబడి ఉన్నాడు. వచ్చే వారం తమను స్టేషను నుంచి తీసుకురావడం కుదురుతుందా అని అడిగాడు. దిల్షాద్ బీ జవాబు చెప్పేలోపు, “కుదురుతుంది, ఫోన్ నంబరు రాసుకోండి,” అని బుష్రా చెప్పేసింది.

తిరుగు దారిలో దేవకమ్మ నిద్రపోయింది. మునస్వామి ముందు కూర్చుని కునుకుతున్నాడు. ఎడమవైపు నుంచి సన్నగా ఒక చప్పుడు వస్తోంది. టిక్కు, టిక్కు అని. తల్లికి వినబడింది. వెనక కూర్చున్న కూతురికి కూడా వినబడింది.

బుష్రా ముందుకు వంగి, దేవకమ్మ లేవకుండా, ఉర్దూలో మెల్లగా అంది.

“ఆదివారం నాకు సెలవే. ఆ పక్క బుష్షులు కూడా తెచ్చి పెట్టు. ఈసారి నేను కింద దూరతాను, నువ్వు దీపం పట్టుకో.”